అంచు లేచిన నల్ల ఫిల్ము

కనబడే చోట మెరుగు పెట్టి, కనబడని చోట పని ఎగ్గొట్టే అలవాటు నీకుంటే, నిటారుగా కూర్చుని విను. ఈ కథ నీకోసమే చెబుతున్నాను. నవ్వుకోవడానికి కాదు.

వెనకటికి, రాజులు గుర్రాలు దిగి కార్లెక్కడం నేర్చిన కాలంలో, కుముదసేనుడనే రాజు ఉండేవాడు. ఆయనకు ఒక్కతే కూతురు, నీలవేణి. పదేళ్ల పిల్ల. పెద్ద జ్వరం వచ్చి తగ్గాక ఆ పిల్ల కళ్లు ఎండకు ఓర్వలేకపోయాయి.

ఏటి అవతల ఒక వైద్యుడున్నాడు. ఆయన రాజుతో ఇలా అన్నాడు.

"నా మందుమొక్క మిట్టమధ్యాహ్నమే పూస్తుంది. పూసిన గడియలోనే పసరు కంట్లో పిండాలి. వారానికోసారి, మూడు వారాలు తీసుకురండి. అది పూర్తయ్యేదాకా ఎండ కంటిని తాకకూడదు. తాకితే ఆ కన్ను దక్కదు."

రాజు దగ్గర విదేశం నుంచి వచ్చిన కొత్త కారు ఉంది. దాని తలుపుల్లో అద్దం చుట్టూ చట్రం లేదు. తలుపు తీస్తే అద్దం ఒంటరిగా నిలబడుతుంది. ఆ అద్దాలకు ఎండ దూరని నల్ల ఫిల్ము అంటించాలని రాజు అద్దాల పనివాళ్లుండే అద్దాల వీధికి కబురంపాడు.

ఆ వీధి నుంచి ఇద్దరు వచ్చారు. ఒకరు ఓబులమ్మ. రెండోవాడు పుల్లన్న. ఇద్దరూ ఓబులమ్మ తండ్రి దగ్గరే పని నేర్చారు. పుల్లన్నది వేగమైన చెయ్యి. ఓబులమ్మది నెమ్మది.

ఓబులమ్మ తలుపు తీసి, మూసి, మళ్లీ తీసి చూసింది.

"మహారాజా, మామూలు కారులో అద్దం అంచు చట్రంలో దాక్కుంటుంది. దీనికి ఆ చాటు లేదు. తలుపు తీసిన ప్రతిసారీ అద్దం వేలెడు కిందికి దిగుతోంది. మూస్తే పైకెక్కి రబ్బరులో దూరుతోంది. అంచు రోజూ రాసుకుంటుంది. కాబట్టి అంచును మూడుసార్లు కడగాలి. ఫిల్మును అంచుకు వెంట్రుకవాసి ముందే ఆపాలి. అంటించాక మూడు రోజులు తలుపు తీయకూడదు. మొత్తం నాలుగు రోజులు పడుతుంది."

"రేపే మొదటి ప్రయాణం కదమ్మా," అన్నాడు రాజు.

"ఈ ఒక్కసారికి అమ్మాయిగారికి దుప్పటి కప్పి, గూడు బండిలో పంపండి."

రాజు ముఖం చిట్లించాడు. రాజు కూతురు గూడు బండిలో వెళ్తే పొరుగు రాజ్యం వాళ్లు నవ్వుతారని ఆయన భయం.

పుల్లన్న ముందుకొచ్చాడు. "ఈ సాయంత్రానికి చేసిస్తాను మహారాజా. మా ఓబులమ్మక్క అద్దం కడిగేలోగా నేను నాలుగు కార్లు చేసి అన్నం కూడా తినొస్తాను."

"అన్నానికి ముందు చేతులైనా కడుగుతావా, అదీ లేదా?" అంది ఓబులమ్మ.

రాజు పని పుల్లన్నకే ఇచ్చాడు. పుల్లన్న అంచును ఒక్కసారి పైపైన తుడిచాడు. సన్నని వెలుగు గీత కూడా కనబడకుండా ఫిల్మును అంచు కొసదాకా లాగాడు. అలా చేస్తే నిలవదని వాడికి తెలుసు. చూసేవాళ్లకు బాగుంటుందనీ తెలుసు. పొద్దు గూకేసరికి అద్దాలు నల్ల కలువల్లా మెరిశాయి. రాజు మెచ్చి తన చేతి కడియం తీసి ఇచ్చాడు.

మొదటి ప్రయాణం చల్లగా జరిగింది.

రెండో ప్రయాణం నుంచి వచ్చాక, కారు తోలే వీరన్న పుల్లన్న ఇంటికి వెళ్లాడు.

"అన్నా, ఎడమ తలుపు అద్దం మీద ఫిల్ము అంచు లేచింది. గోరంత."

పుల్లన్న వచ్చి ఇంత జిగురు రాసి వేలితో నొక్కాడు. "గోరంతేగా. రాజుగారి చెవిన వేసి నా కడియం ఊడగొట్టకు."

"పిల్ల కూర్చునేది ఆ పక్కే అన్నా."

"ఇంకొక్క ప్రయాణమే కదరా. ఓర్చుకుంటుందిలే."

వీరన్న ఆ సంగతి రాజుకు చెప్పలేదు. అది వాడి తప్పు.

మూడో ప్రయాణంలో రాజభవనం నీడలో తలుపు మూశారు. అద్దం పైకెక్కి రబ్బరులో దూరేటప్పుడు, లేచిన అంచు మడత పడింది. ఇసుక దారిలో కుదుపు కుదుపుకీ ఫిల్ము కొంచెం కొంచెంగా ఊడి, ఏటి గట్టు ఎక్కేసరికి సగం అద్దం మేర వేలాడింది. నీలవేణి చేతులు అడ్డం పెట్టుకునేలోపే ఎండ సూదిలా ఎడమ కంట్లో దిగింది.

వైద్యుడు కుడి కన్ను నిలబెట్టాడు. ఎడమ కన్ను పోయింది.

రాజు సభ పిలిచాడు. పుల్లన్న ఎండను తిట్టాడు, విదేశపు అద్దాన్ని తిట్టాడు. రాజు ఊడిన ఫిల్మును ఓబులమ్మ చేతికిచ్చాడు. ఆమె అంచు తిప్పి చూపింది. జిగురు నిండా మట్టి, రబ్బరు పొడి. పైన రెండోసారి పూసిన జిగురు ఇంకా తెల్లగా ఉంది.

వీరన్న ముందుకొచ్చి జరిగింది చెప్పాడు.

అప్పుడు కంటికి కట్టుతో కూర్చున్న నీలవేణి అడిగింది. "పుల్లన్నా, అంచు లేచిందని నీకు ముందే తెలుసా?"

"తెలుసమ్మా."

"చెబితే దుప్పటి కప్పుకుని వెళ్లేదాన్ని కదా."

సభలో ఎవరూ తలెత్తలేదు. రాజు కూడా. "తొందర నాది, దాచిపెట్టడం నీది," అన్నాడాయన. "నా తొందరకు శిక్ష నా ఇంట్లోనే ఉంది. నీ శిక్ష నీ వీధి చెబుతుంది."

అద్దాల వీధి ఆచారం ఒకటే. లోపం జరిగితే క్షమిస్తారు, లోపం దాస్తే వాడి పనికత్తి తీసేసుకుంటారు. పుల్లన్న ఫిల్ము కోసే కత్తిని వీధి మొగలో అందరి ముందూ అప్పగించాడు. ఆ తర్వాత వాడికి ఎవరూ పని ఇవ్వలేదు. చివరికి నీలవేణే పిలిచి ఇచ్చింది, తన కారు తలుపు తీసే పని.

ఓబులమ్మ నాలుగు రోజులు తీసుకుని కొత్త ఫిల్ము అంటించింది. పుల్లన్న పన్నెండేళ్లు రోజూ ఆ తలుపు తీశాడు, మూశాడు. అద్దం దిగేది, ఎక్కేది. అంచు ఒక్కనాడూ లేవలేదు. దిగేటప్పుడు నీలవేణి ఎడమ పక్క మెట్టు కనబడక చెయ్యి చాపేది. పుల్లన్న ఆ చెయ్యి పట్టుకుని దించేవాడు.

తప్పు చేసినవాడికి ఒప్పుకునే దారి ఉంటుంది, దాచినవాడికి ఆ దారీ మూసుకుపోతుంది. పుల్లన్న కళ్లు రెండూ చివరిదాకా బాగానే ఉన్నాయి, కానీ ఆ పిల్ల ముఖంలోకి చూడడానికి వాటికి మళ్లీ ధైర్యం రాలేదు.