వాయిదాల్లో ఎండిన పడవ

గోదారి సముద్రంలో కలిసే చోట, మడచెట్ల మధ్య ఒక చిన్న లంక ఉంది. దోమల బాధకి మనుషులు అటు రారు. అందుకని అక్కడ జంతువులే ఉంటాయి, అచ్చం మనలాగే బతుకుతాయి. అంటే పని కొందరు చేస్తారు, మాట్లాడటం మాత్రం అందరూ చేస్తారు.

ఒక ఏడాది ఆ లంకవాళ్ళకి మంచి ఆలోచన వచ్చింది. పెద్ద విహార పడవ కట్టుకుని, అందరూ ఎక్కి, సముద్రం దాకా వెళ్ళి చూసి వద్దామనుకున్నారు. పడవ మేస్త్రీ వడ్రంగిపిట్ట నూకాలు. అడవిలోంచి దుంగలు లాక్కొచ్చింది రెండు ముసలి ఎద్దులు, పుల్లడు, మైలడు. కాడి కింద ఎడమవైపు ఎప్పుడూ పుల్లడే, కుడివైపు ఎప్పుడూ మైలడే.

"ఇంత బరువు లాగుతున్నారు, మీకు పడవలో ఎక్కడ చోటు కావాలి తాతా?" అని నూకాలు అడిగింది.

"ఎక్కడైనా పర్లేదమ్మా. ఇద్దరం పక్కపక్కన నిలబడే చోటుంటే చాలు," అన్నాడు పుల్లడు. "పుట్టిన కాడ్నించీ మేవే మోత్తన్నాం. ఒక్కసారి మమ్మల్నేదన్నా మోత్తే ఎలాగుంటాదో సూడాలని ఉంది."

మైలడు పెద్దగా మాట్లాడే రకం కాదు. అవునన్నట్టు చెవులాడించాడు.

ఆ లంకలో పడవని ఒడ్డున మిట్టమీదే కడతారు. మామూలు నీళ్ళు అక్కడిదాకా రావు. ఏడాదికి ఒక్కసారి, శ్రావణ అమావాస్య పోటుకి పైనుంచి వరద కలిసినప్పుడే నీళ్ళు మిట్ట ఎక్కి పడవని లేపుతాయి. ఆ రోజు తప్పితే మళ్ళీ ఏడాది ఆగాల్సిందే.

ఆషాఢానికి పలకలు బిగించటం అయిపోయింది. ఇక నీళ్ళు దూరకుండా సందుల్లో కొబ్బరిపీచు కూరి గుగ్గిలం పూస్తే చాలు. సరిగ్గా అప్పుడు కొంగ సూరమ్మ వచ్చి, పడవ ముందుకొన మీద నిలబడేది తానేనంది.

"లోతు చూసేదాన్ని నేను. ముందు నేను కాక ఇంకెవరుంటారు?"

పీత పోలయ్య బొరియలోంచి బయటికొచ్చాడు. "మీరు పడవ కట్టింది నా ఇంటి నెత్తిన. ముందుకొన నాది."

ఇద్దరూ ఓ పూట అరుచుకుంటే అయిపోయేదే. కానీ లంకలో ఒక నక్క ఉంది, ఆయన వకీలు. పేరు చలమయ్య.

"సూరమ్మగారూ, ఇవాళ ఊరుకుంటే రేపు మిమ్మల్ని పడవే ఎక్కనివ్వరండి," అన్నాడు కొంగతో. "పోలయ్యా, నీ ఇల్లు తొక్కినోళ్ళని ఊరికే వదిలేస్తావా?" అన్నాడు పీతతో. లంకలో వకీలు ఒకడే కాబట్టి ఇద్దరి తరఫునా ఆయనే వాదించాడు. ఇటు నిలబడి కొంగ మాట చెప్పేవాడు, చుట్టూ తిరిగి అటు నిలబడి పీత మాట చెప్పేవాడు. దానికి ఇద్దరి దగ్గరా చేపలు పుచ్చుకునేవాడు. సిగ్గులేదని నేనంటాను, వృత్తి అని ఆయన అనేవాడు.

జడ్జి తాబేలు కూర్మయ్య. మంచివాడే, కానీ నెమ్మది. విచారణలో ఎవరైనా గొంతు పెంచితే తల డొప్పలోకి లాక్కునేవాడు. తల లోపలికి పోయిందంటే కేసు వాయిదా పడ్డట్టు. ఈ సంగతి లంక మొత్తానికి తెలుసు. అందరికంటే బాగా చలమయ్యకి తెలుసు. అవసరమైనప్పుడల్లా ఒక అరుపు అరిచేవాడు.

మొదటి వాయిదాకే ఆయన ఒక ఉత్తర్వు అడిగి పుచ్చుకున్నాడు. "అయ్యా, తీర్పు వచ్చేదాకా పడవ ఉన్నది ఉన్నట్టే ఉండాలి. కట్టేవాళ్ళెవరూ దగ్గరికి రాకూడదు. కాపలాకి నేనుంటాను. అందులో ఒక్క పలక తేడా వచ్చినా బాధ్యత నాదండి."

కూర్మయ్య సరేనన్నాడు. లంకలో కోర్టు మాటలన్నీ చెక్కమీద పొడిచి దాచేది కూడా నూకాలే. ఆ మాటా పొడిచింది. కూరుదామని తెచ్చిన కొబ్బరిపీచు పక్కన పెట్టి వెళ్ళిపోయింది. చలమయ్య తన కాపురం పడవ కిందకి మార్చాడు. వానకి తడవని చోటు, రోజూ రెండు వైపుల నుంచీ చేపలు. ఆ తగవు తెగాలని ఆయనకెందుకుంటుంది?

శ్రావణ అమావాస్య వచ్చింది. నీళ్ళు మిట్టెక్కి పడవ అడుగుని తాకాయి. పీచు కూరని పడవ లేవలేదు, నీళ్ళలోకి తోసే ఉత్తర్వూ లేదు. మర్నాటికి నీళ్ళు దిగిపోయాయి.

ఎద్దులిద్దరూ ఒడ్డున నిలబడి చూశారు. "వచ్చే ఏడు," అన్నాడు పుల్లడు. మైలడు చెవులాడించాడు.

మాఘమాసంలో ఒక పొద్దున మైలడు లేవలేదు.

పుల్లడు మూడు రోజులు మేత ముట్టలేదు. ఆ తర్వాత మేశాడు, నడిచాడు, కానీ నడిచేటప్పుడు కుడివైపు ఒక ఎద్దు పట్టేంత జాగా వదిలి నడిచేవాడు. లంకలో అందరూ అది చూశారు. కొంగా చూసింది, పీతా చూశాడు. కేసు మాత్రం నడుస్తూనే ఉంది.

చైత్రంలో ఎండలు ముదిరాయి. నూకాలు పుల్లడి దగ్గరికొచ్చి వాలింది. "తాతా, పలకలు ఎండి సందులు విడుతున్నాయి. ఇంకో రెండు నెలలిలా పడుంటే అది పడవ కాదు, వంటచెరుకు. ముట్టుకోడానికి నాకు ఉత్తర్వు లేదు."

"ఆ నక్కబాబు కోర్టులో ఏవన్నాడో నీ చెక్క మీదుందా?"

"అక్షరం పోకుండా ఉంది."

"అయితే నేనోపాలి కోర్టుకొత్తాను."

పుల్లడు అంతకుముందెప్పుడూ కోర్టు గడప తొక్కలేదు. మోకాళ్ళ నొప్పితో మెల్లగా వచ్చి, కూర్మయ్య ముందు తల వంచి నిలబడ్డాడు.

"అయ్యా, నాకు తగవేవీ లేదండి. సిన్న అనుమానం. ఉన్నది ఉన్నట్టు ఉండాలన్నారు గదా, పలకల సందులు ఇడతన్నాయంట. మరి అది ఉన్నట్టు ఉన్నట్టా, లేనట్టా?"

"లేనట్టే," అన్నాడు కూర్మయ్య.

"మరైతే ఎవరు సూసుకోవాలండి?"

నూకాలు చెక్క తెచ్చి చదివింది. "ఒక్క పలక తేడా వచ్చినా బాధ్యత నాదండి."

చలమయ్య గొంతు సవరించుకుని ఒక పెద్ద అరుపు అరవబోయాడు. పుల్లడు తొందరపడకుండా రెండడుగులు వేసి ఆయనకీ కూర్మయ్యకీ మధ్య అడ్డంగా నిలబడ్డాడు. అరుపు ఎద్దు పొట్టకి తగిలి ఆగిపోయింది. అవతల కూర్మయ్య తల బయటే ఉంది, ప్రశాంతంగా.

"పలకలు విడకుండా రోజూ తడపాలి," అన్నాడాయన. "కాపలాదారే తడపాలి. ఒక్క పలక పగిలినా పడవ మొత్తం కొత్తగా కట్టివ్వాలి."

అప్పుడు మొదలైంది చలమయ్య పని. కొబ్బరిచిప్ప నోట కరుచుకుని రేవుకి పోవాలి, నీళ్ళు ముంచుకుని మిట్టెక్కాలి, పలకల మీద పోయాలి. ఆ చివర తడిపేసరికి ఈ చివర ఆరిపోయేది. వారానికి పాదాలు బొబ్బలెక్కాయి. రెండో వారానికి, ఈ కాపలా నాకొద్దని కోర్టుకెళ్ళాడు.

"తీర్పు వచ్చేదాకా అని నువ్వే అడిగావు కదయ్యా," అన్నాడు కూర్మయ్య.

"అయితే తీర్పెప్పుడండి?"

"వాళ్ళిద్దరి వాదనా పూర్తవ్వాలి. వాదించేది నువ్వే."

ఆ సాయంత్రమే చలమయ్య కొంగ దగ్గరికి పరిగెత్తాడు, అక్కణ్ణుంచి పీత దగ్గరికి. ఏడాదిగా తను ఎక్కించిన మాటలన్నీ ఒక్కొక్కటే దింపుకుంటూ వచ్చాడు. "రాజీ పడండి, మీకు దణ్ణం పెడతాను," అన్నాడు. చివరికి ముగ్గురూ కలిసి నూకాలు దగ్గరికెళ్ళి ఇద్దరికీ పంచటానికి ముందుకొన కొలత అడిగారు.

"దానికి కొలతెందుకు?" అంది నూకాలు. "కొంగ పైన నిలబడుతుంది, పీత ఆ కొనకే కిందివైపు పట్టుకుంటాడు. ఇద్దరికీ చోటుంది. మొదటి రోజు అడిగుంటే అప్పుడే చెప్పేదాన్ని."

సూరమ్మ, పోలయ్య మొహాలు చూసుకున్నారు. ఇద్దరికీ ఏడాదంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది.

రాజీ కుదిరిందని కూర్మయ్య ఉత్తర్వు ఎత్తేశాడు. నూకాలు పీచు కూరి గుగ్గిలం పూసింది. శ్రావణ అమావాస్య పోటుకి పడవ లేచింది. లంకవాళ్ళంతా ఎక్కారు. పుల్లడిని ఎక్కించటానికి చాలా సేపు పట్టింది, మోకాళ్ళు పట్టు తప్పుతున్నాయి. పడవ కదలగానే అలవాటు చొప్పున మెడ వంచి లాగబోయాడు.

"తాతా, నువ్వు లాగక్కర్లేదు. అదే పోతుంది," అంది నూకాలు.

"అవునుగదా," అన్నాడు పుల్లడు. మెడ ఎత్తాడు. ఎడమవైపు సర్దుకుని నిలబడ్డాడు.

చలమయ్య బొబ్బల కాళ్ళతో నీళ్ళలో పడుతూ లేస్తూ పడవ పక్కన పరిగెత్తుతున్నాడు. ఇల్లు తేలిపోయింది, చేపలు ఆగిపోయాయి, తగవు కూడా లేదు.

"నన్నూ ఎక్కించుకోండయ్యా. మిట్టెక్కి దిగి నీళ్ళు మోసినోణ్ణి. అదుగో, ఎద్దు పక్కన అంత ఖాళీ ఉంది కదా."

పుల్లడు ఆ కుడివైపు చోటు కేసి చూశాడు.

"అది ఖాళీ కాదు బాబూ," అన్నాడు. "అది మా మైలడి సోటు. ఆడు నీ వాయిదాల్లో పోయాడు."

ఆ మాటకి కొంగకి ఇక ముందుకొన మీద నిలబడాలనిపించలేదు, దిగి వెనక్కి వచ్చి నిలబడింది. చలమయ్య మాత్రం నడుంలోతు నీళ్ళలో ఆగిపోయాడు.

తగవు సాగదీసేవాడి మెడమీద దాని బరువు పెట్టిన రోజునే అది తెగుతుంది, కానీ ఈలోగా పోయినవాళ్ళని ఏ తీర్పూ తిరిగి తేలేదు.