చందమామ మీద ముగ్గు

తొలకరి మబ్బు పట్టిన సాయంత్రం. ఏటి మధ్య లంకలో రెల్లు దుబ్బులు గాలికి ఊగుతున్నాయి. నీళ్లూ ఆకాశమూ ఒకే రంగులో కలిసిపోయి, లంక ఎక్కడా ఆనకుండా తేలుతున్నట్టుంది.

వరదమ్మ అనే ముసలి తాబేలు ఇసుకలో కూర్చుని తనలో తాను గొణుక్కుంటోంది. "ఇనుప పడవ లేచింది. అన్నదమ్ములిద్దరూ, వంటవాడూ లోపలున్నారు. కిటికీలోంచి చూస్తే భూమి... భూమి దేనిలా ఉంది?"

ఆ మాట ఎంత వెతికినా దొరకలేదు.

ఏటి పడవల మీద రాసిన పేర్లు చూసి చూసి, ఎవరూ నేర్పకుండానే అక్షరాలు పట్టుకుంది వరదమ్మ. ఒకనాడు పడవలోంచి ఓ పాత నవల జారిపడింది. చందమామ మీదికి ఇనుప పడవలో వెళ్లినవాళ్ల కథ. ఏటా వానాకాలం లంకలోని జంతువులన్నీ మిట్ట ఎక్కితే, ఆమె దాన్ని చదివి వినిపించేది. నిరుటి వరద ఆ పుస్తకాన్ని పట్టుకుపోయింది. ఇప్పుడా కథ ఆమె తలలో తప్ప ఇంకెక్కడా లేదు. తాను మరిచిపోతే ఇనుప పడవ మళ్లీ లేవదు.

ఇంతలో నక్క పాపారాయుడు అందరినీ వెంటేసుకుని వచ్చాడు.

"వరదమ్మ పిన్నికి మతిమరుపు ముదిరింది. మొన్న కథ చెబుతూ వంటవాణ్ణి పడవలోంచి దింపడం మరిచిపోయింది. పాపం, వాడింకా అందులోనే ఉన్నాడు! ఈ ఏడు కథ నేను చెబుతాను. వరదకు ముందే ఆ పుస్తకం ఆసాంతం చదివేశాను. మిట్ట మీద నేనుండే పాత పంపుషెడ్డులో తడి కూడా తగలదు. చిన్నవాళ్లంతా లోపల కూర్చోండి. సింహాలమ్మక్క పట్టదు కాబట్టి బయట."

"దానికి ఒకటే తలుపు కదా, రాయుడు మావా?" అంది కుందేలు బుల్లెమ్మ, చెవులు నిక్కించి.

"చలిగాలి రాదని నీ కోసమేనే తల్లీ!"

గేదె సింహాలమ్మ నెమరు ఆపింది. "తగువెందుకు? ఎవరికి ఏం నచ్చిందో చెప్పండి. కథ ఎవరి మనసులో బాగా ఉందో తెలుస్తుంది. నాకైతే ఆ ప్రయాణం నచ్చింది. ఎంతకీ చేరరు. హాయిగా నెమరు వేసుకోవచ్చు."

"నిజం! ఆ నిదానమే అందం," అన్నాడు నక్క.

"నాకు అదే విసుగు," అంది కొంగ. "రెక్కల్లేకుండా ఎగరడమేమిటి, ఎవరైనా నమ్ముతారా?"

"నిజం! నేనూ నమ్మలేదు."

"ఇంతకీ రాసినాయన చందమామ చూశాడా అసలు?" బుల్లెమ్మ మూతి ముడిచింది. "అంతదూరం పోయి అక్కడున్న మా తాతని పలకరించకుండా వస్తారా?"

"నిజం! పెద్ద లోపమే అది."

"అట్ట కొంచెం చేదు," అన్నాడు మేక గంగులు. "మిగతాది తిననివ్వలేదు."

అందరూ వరదమ్మ వైపు తిరిగారు. ఆమె కళ్లు మూసుకుంది. రెప్పల వెనక తెల్లటి నేల పరుచుకుంది.

"నాకు నచ్చింది ఆ ముసలమ్మ," అంది మెల్లగా. "పడవ దిగేసరికి అక్కడ ఒకావిడ వెన్నెల ధూళి ఊడ్చి, గుప్పిట్లోంచి జారవిడుస్తూ ముగ్గు పెడుతుంటుంది. తలెత్తకుండానే 'కాళ్లు కడుక్కుని రండి నాయనా' అంటుంది."

"ఆహా!" నక్క కళ్లు ఒత్తుకున్నాడు. "పుస్తకం మొత్తానికి ప్రాణం అదే పిన్నీ! అక్కడ చదువుతూ ఎంత ఏడ్చానో!"

నీళ్లలో ఏదో చేప ఎగిరిపడింది.

"మామ్మా," అంది బుల్లెమ్మ, నొప్పించకుండా. "పుస్తకంలో ముసలమ్మ లేదే. వాళ్లు దిగేసరికి చందమామ మీద ఎవరూ ఉండరు. నువ్వే చెప్పావుగా."

వరదమ్మ తల డిప్పలోకి వెళ్లిపోయింది. అయితే అయిపోయింది. కథ చెదిరిపోయింది.

"మామ్మ మరిచిపోయింది, సరే," అంది సింహాలమ్మ తాపీగా. "మరి నువ్వెక్కడ చదివావయ్యా ఆవిణ్ణి?"

"నా... నా దగ్గరి పుస్తకంలో ఉంది."

"లంకకి వచ్చింది ఒకటే పుస్తకం," అన్నాడు గంగులు. "దాని అట్ట తిన్నవాణ్ణి, నాకు తెలీదా?"

"ఆ ఒంటి తలుపు షెడ్డులో నువ్వే కూర్చుని చదువుకో మావా!" అంది బుల్లెమ్మ. కొంగ గట్టిగా నవ్వింది. మొదటి చినుకులు పడ్డాయి. పాపారాయుడు తోక కాళ్ల మధ్య ఇరికించుకుని, వానొస్తోందన్న వంకతో రెల్లులోకి జారుకున్నాడు.

మిగతావాళ్లు సింహాలమ్మ పొట్ట పక్కన చేరారు. "చెప్పు మామ్మా," అన్నారు.

డిప్పలోంచి గొంతు మాత్రం వచ్చింది. "పడవ లేచింది. కిటికీలోంచి చూస్తే భూమి..."

"తడిసిన నేరేడు పండులా ఉంది," అంది కొంగ. నమ్మని కథే అయినా ఆ మాట దానికి గుర్తుంది.

తల నెమ్మదిగా బయటికొచ్చింది. ఆగిన చోటల్లా ఎవరో ఒకరు అందించారు. పడవ చందమామ మీద దిగింది, ఈసారి వంటవాడితో సహా.

"ఇప్పుడు ముగ్గు పెట్టే ముసలమ్మని రానీ," అంది బుల్లెమ్మ. "పనిలో పనిగా మా తాతని ఆవిడ పక్కన కూర్చోబెట్టు."

వరదమ్మ నవ్వి, అలాగే చేసింది.

కథయ్యాక బుల్లెమ్మ చెవిలో అడిగింది. "నిజంగానే మరిచిపోయావా మామ్మా, నక్కని పట్టించడానికే అలా అన్నావా?"

వరదమ్మ ఏటి వైపు చూసింది. వాన ఏటి మీద సన్నటి చుక్కలు పెడుతోంది.

"అదీ గుర్తులేదే పిల్లా," అంది.

చదివి మరిచిపోయినదాన్ని నలుగురూ గుర్తుచేయగలరు. చదవనిదాన్ని ఎవరూ గుర్తుచేయలేరు.