లోవ చెయ్యి పడితేనే లేచే యంత్రం

ఖాదర్ వలీగారు శుక్రవారం కంటి ఆపరేషనుకి కాకినాడ వెళుతున్నారు. నెల్లాళ్లదాకా రారు. మిషను గది ఎవరికి అప్పజెబుతారో మాత్రం చెప్పలేదు. ఆ ఒక్క మాట కోసం ఆయన శిష్యురాలు లోవకుమారి మూడు రోజులుగా కాచుకుని ఉంది.

అది సముద్రం ఒడ్డున రొయ్యపిల్లల్ని పెంచే హేచరీ. పన్నెండు తొట్లు. ఒక్కో తొట్లో కంటికి ఆనీ ఆనని పిల్లలు లక్షల్లో ఉంటాయి. నీళ్లలో గాలి ఆడినంతసేపే వాటి ప్రాణం. గాలి కొట్టే బ్లోయర్లని నడిపేది గదిలో ఉన్న లినక్సు సర్వరు కంప్యూటరు. అందులో ఒక ప్రోగ్రాము ఎవరికీ కనపడకుండా కూర్చుని, పగలూ రాత్రీ తొట్లని కనిపెట్టుకుని ఉంటుంది. ఆ ప్రోగ్రాము రాసింది లోవే. వలీగారి దగ్గర నాలుగేళ్లు నేర్చుకుని రాసింది.

కరెంటు పోయి వచ్చిందంటే చాలు, తొట్లు చూసుకునే గంగరాజు లోవ కోసం కేక వేసేవాడు. ఆమె చేతిలో పని వదిలేసి పరుగున వచ్చి కీబోర్డు మీద ఒక్క మాట కొట్టేది. బ్లోయర్లు లేచేవి. ఈ పిల్ల చెయ్యి పడితేగానీ అది లేవదని పనివాళ్లంతా చెప్పుకునేవారు. ఆ మాట చెవిన పడితే ఆమెకి అన్నం కూడా అక్కర్లేకపోయేది.

గురువారం పొద్దున్న టీ తాగుతూ ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"గది నాకే ఇస్తారా మాస్టారూ? నేను లేకపోతే అది లేవదని అందరికీ తెలుసు కదా."

వలీగారు గ్లాసు కింద పెట్టి, ఆమె ఊరెళ్లే తుని బస్సు ఎన్నింటికని అడిగారు. పదిన్నరకని చెప్పింది. తనిప్పుడు ఊరెళ్లడం లేదని కూడా చెప్పింది.

"వెళ్లావనుకో," అన్నారాయన. లేచి గదిలోకి వెళ్లి మెయిన్ స్విచ్ కిందికి లాగేశారు.

బ్లోయర్ల హోరు ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ హోరు లేకుండా హేచరీ ఎలా ఉంటుందో లోవ మర్చిపోయింది. అర నిమిషానికి జనరేటరు అందుకుంది. సర్వరుకి దీపాలొచ్చాయి. తెర మీద అక్షరాలు గబగబా పైకి పాకి నిలిచిపోయాయి. బ్లోయర్లు మాత్రం ఉలకలేదు.

లోవ గది వైపు ఉరికింది. వలీగారు అప్పటికే గుమ్మానికి అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చున్నారు.

"నువ్విక్కడ లేవమ్మా. బస్సులో ఉన్నావు. ఇంకా తొండంగి కూడా రాలేదు."

ఆయన చూపు చేతి గడియారం మీదే ఉంది. రెండు నిమిషాలయింది. మూడయింది. షెడ్డులోంచి గంగరాజు కేకలు మొదలుపెట్టాడు. లోవ పలకబోయింది. వలీగారు తలెత్తి వద్దన్నట్టు చూశారు. నాకు పాఠం చెప్పడానికి ఆ పిల్లల ఉసురు పోసుకోకండని మెల్లగా బతిమాలింది. ఆయన కదల్లేదు.

గంగరాజు తడి చేతులతోనే వచ్చి గది ముందు నిలబడ్డాడు. ఆరో తొట్లో పిల్లలు పైకి తేలుతున్నాయన్నాడు.

"ఇంత దగ్గర నిలబడి కొట్టవేం తల్లీ? ముహూర్తం చూస్తున్నావా?"

"ఆ అమ్మాయి ఊరెళ్లింది," అన్నారు వలీగారు.

గంగరాజు ఆయన వంక చూశాడు, ఆమె వంక చూశాడు. ఇద్దరికీ ఒకేసారి మతి పోయిందనుకున్నట్టున్నాడు.

ఏడో నిమిషం నిండగానే వలీగారు లేచి పక్కకి తప్పుకున్నారు. ఆమె పడుతూ లేస్తూ వెళ్లి కొట్టింది. బ్లోయర్లు అందుకున్నాయి. గంగరాజు ఆరో తొట్లో గాజు గ్లాసు ముంచి వెలుతురుకి పట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆఖరికి, ఈదుతున్నాయని చెప్పాడు.

లోవ తెర ముందు కూలబడింది. ఇన్నాళ్లూ ఆమె కొట్టింది 'స్టార్ట్' అన్న మాట. అంటే ఇప్పుడు లెమ్మని. సర్వరు లేచిన ప్రతిసారీ నువ్వూ నీ అంతట నువ్వే లెమ్మని ప్రోగ్రాముకి చెప్పే మాట వేరే ఉంది, 'ఎనేబుల్'. అది ఆమెకి తెలియక కాదు. మొదటేడే నోటుబుక్కులో రాసుకుంది. ఎందుకు కొట్టలేదో ఆమెకే తెలుసు. చెవులు వేడెక్కిపోయాయి.

ఆ మాట ఇప్పుడు కొట్టింది. ఒకవేళ మధ్యలో పడిపోతే మళ్లీ దానంతటదే లేచేలా ఇంకో వాక్యం కూడా చేర్చింది. అయిపోయిందని చెప్పబోయి, ముందు తనే చూసుకుందామనుకుంది.

గంగరాజుని గ్లాసుతో ఆరో తొట్టి దగ్గర నిలబడమంది. మెయిన్ స్విచ్ దగ్గరికి వెళ్లింది. దాని మీద చెయ్యి వేసింది. రెండో చెయ్యి కూడా వేసి కిందికి లాగింది.

హోరు ఆగింది.

ఆమె అక్కడ నిలబడలేదు. గదిలోంచి, షెడ్డు పక్కనుంచి, గేటు దాటి రోడ్డు మీదికి నడిచింది. కాళ్లు వెనక్కి లాగుతున్నా ఆగలేదు. సముద్రం వైపు తిరిగి కళ్లు మూసుకుంది. జనరేటరు అందుకోవడం వినపడింది. ఆ తరవాత అలలు తప్ప ఏమీ లేదు. ఒక నిమిషం గడిచింది.

అలల కిందనుంచి సన్నగా హోరు మొదలైంది. ఒక బ్లోయరు, దాని వెనకాల ఇంకొకటి.

లోవ ఒక్క అడుగు లోపలికి వేసింది, వెళ్లి చూద్దామని. గేటు దాకా వచ్చి నిలబడ్డ వలీగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"నువ్వు లేకుండానే నడుస్తోంది. ఇక గది నీకు అప్పజెప్పొచ్చు."