అంజూరాల మీద తెల్లగొడుగు

ఒకానొక రాజ్యంలో రాజుగారి గుమ్మడికాయ కూడా గొడుగు లేనిదే బయటికి వచ్చేది కాదు. ప్రచండవర్మ మహారాజు పెట్టిన మర్యాద అది. ఆయన వంశంవారి మీదే కాదు, ఆయన సొమ్ము ఏదైనా సరే, ఆరుబయట ఉంటే దాని మీద తెల్లగొడుగు పట్టాల్సిందే.

ఒకనాడు నిండు సభలో మహారాజు ఎండు అంజూరం కొరకబోతే, అందులోంచి ఒక పురుగు తలెత్తి చూసింది. ఆయనకు ఒళ్ళు మండిపోయింది. వెంటనే పండ్లు నిలవచేసే ఉగ్రాణంలో దండోరా వేయించాడు.

"పురుగులారా! రాజాజ్ఞ! పొద్దుగూకేలోగా దేశం విడిచి పొండి!"

ఒక్క పురుగూ కదల్లేదు.

"అయితే రేపు సాయంత్రానికి పురుగులన్నా పోవాలి, వాటిని మేపిన ఉగ్రాణాధికారి మాచనన్నా పోవాలి!" అన్నాడు రాజు.

పాపం మాచన లబోదిబోమంటూ ఆస్థాన విదూషకుడు బొల్లన ఇంటికి పరుగెత్తాడు.

"పండ్లు ఎండలో పొయ్యలేకపోయావా?" అన్నాడు బొల్లన.

"పోశాను బాబూ! పొయ్యగానే ఛత్రధారులు వచ్చి గొడుగులు పట్టారు. పురుగులు హాయిగా నీడపట్టున కూర్చున్నాయి. ముసలి తల్లిని వెంటపెట్టుకుని నేను ఏ దేశం పోయేది?"

"రేపు మళ్ళీ ఎండలో పొయ్యి" అన్నాడు బొల్లన.

మర్నాడు మధ్యాహ్నం కోట ఆవరణలో చాపల మీద అంజూరాలు, వాటి మీద గొడుగులు. మాచన పని పట్టిద్దామని రాజు తన గొడుగు కింద విచ్చేశాడు. అప్పుడే బొల్లన వచ్చి, రాజును వదిలేసి, చాపలకు వంగి వంగి దండాలు పెట్టాడు.

"ఎవరికయ్యా ఆ దండాలు?"

"తమ చుట్టాలకు, ప్రభూ! తెల్లగొడుగు కింద ప్రాణం లేనిది ఉంటే తమ సొమ్ము. ప్రాణం ఉన్నది ఉంటే తమ వంశమే గదా! రాజబంధువుల్ని దండోరా వేసి పొమ్మంటే పోతారా? అలిగి కూర్చున్నారు."

"పురుగులు నాకు చుట్టాలా!" రాజు మీసాలు అదిరాయి. "తియ్యండిరా గొడుగులు! ఒక్కదానికీ నీడ దక్కకూడదు!"

గొడుగులు తీశారు. ఎండకు చాపలు పెనంలా కాలాయి. పురుగులు బిలబిలమంటూ బయటపడి, ఆవరణలో మిగిలిన ఒకే ఒక్క నీడకేసి బయలుదేరాయి. అది మహారాజు గొడుగు నీడ.

చెప్పులెక్కాయి. పిక్కలెక్కాయి. ప్రచండవర్మ పట్టుపంచె ఎగగట్టి గంతులేశాడు.

"బొల్లనా! ఇవి నా మీదికొస్తున్నాయేమయ్యా?"

"చుట్టరికం తెంచుకుంటే ఊరుకుంటారా ప్రభూ? పెద్దవారి కాళ్ళు పట్టుకోవడానికి వస్తున్నారు!"

రాజు గొడుగు వదిలేసి ఎండలోకి దూకాడు. వెనక్కి చూస్తే చాపల మీద పండ్లు శుభ్రంగా ఉన్నాయి. గొడుగు పట్టినవాడు మాత్రం ఇంకా గంతులేస్తూనే ఉన్నాడు. రాజుకు నవ్వు ఆగలేదు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "మాచన ఎక్కడికీ పోనక్కర్లేదు. ఇకనుంచి పండ్లకు గొడుగూ అక్కర్లేదు" అన్నాడు.

బొల్లనకు బంగారు కడియం తొడిగి, బుట్టెడు అంజూరాలిచ్చి, "ఇంటిదాకా తెల్లగొడుగు పట్టించనా?" అని అడిగాడు.

"వద్దు ప్రభూ, ఎండలోనే పోతాను" అన్నాడు బొల్లన, బుట్ట నెత్తికెత్తుకుంటూ. "దారిలో తమ చుట్టాలు కలిస్తే వదలరు!"