ఖాళీ గడులు

డాక్టర్ హిమజకు లెక్క కుదరడం లేదు.

జిల్లా ఆసుపత్రి పక్షవాతం వార్డులో చేరిన ప్రతి మనిషికీ ఒక చార్టు పెట్టించింది ఆమే. ఎన్ని నిమిషాల్లో ఇంజెక్షన్ పడింది, నీళ్లు మింగే పరీక్ష చేశారా లేదా, అన్నిటికీ గడులు గీయించింది. పక్షవాతం వచ్చినవాళ్లకు ఒక్కోసారి గొంతు కూడా పట్టు తప్పుతుంది. చూసుకోకుండా తాగిస్తే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి దిగి నెమ్ము పడుతుంది. అందుకే ఆ గడి ఖాళీగా కనిపిస్తే హిమజ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టేది. సోమవారం మీటింగులో పేర్లు చదివేది.

మూడు నెలల్లో ఆ గడి నూటికి నూరూ నిండింది. నెమ్ము మాత్రం ఐదుగురిలో ఒకరికి పడుతూనే ఉంది. పోయిన వారం ఏడో మంచం మీది ముసలాయన అలాగే పోయాడు. ఇప్పుడు ఆ మంచం మీద వలలు అల్లే ఎర్రయ్య ఉన్నాడు.

"ఈయన్ని కూడా పోగొట్టుకోలేను సార్. ఎక్కడ తప్పుతున్నానో చూడండి," అంటూ చార్టులన్నీ పాణిగ్రాహి గారి ముందు పెట్టింది.

ముప్పై ఏళ్లుగా నరాల జబ్బులు చూస్తున్న పెద్ద డాక్టరు ఆయన. కాగితాల వైపు చూడనే లేదు.

"ఆ ఎర్ర పెన్ను ఇలా ఇవ్వమ్మా."

ఇచ్చింది. ఆయన దాన్ని సొరుగులో వేసి, అందులోంచే ఒక స్టీలు చెంచా తీసి ఆమె చేతిలో పెట్టారు.

"రేపు పొద్దున్న ఎర్రయ్య గదిలో నలుగురికీ నీళ్ల పరీక్ష నువ్వే చెయ్యి."

నలుగురు. మనిషికి ఐదు నిమిషాలు. ఇరవై నిమిషాల పని అనుకుంది హిమజ.

మర్నాడు మొదటి మనిషిని కూర్చోబెట్టడానికే పావుగంట పట్టింది. మంచం తల పైకి లేవదు. దాని మర చెడిపోయి ఎన్నాళ్లయిందో. దిండ్లు లేక దుప్పటి మడిచి వీపు వెనక పెట్టింది. రెండో ఆవిడకు ముందు నోరు శుభ్రం చేయాల్సి వచ్చింది. ప్రతిసారీ చెంచాను వేడినీళ్లతో కడుక్కుంటూ ఎర్రయ్య దగ్గరికి వచ్చేసరికి గంట దాటింది.

ఎర్రయ్య భార్య దానమ్మ ఆయన్ని భుజానికి ఆనించుకుని కూర్చుంది. మొదటి చెంచా దిగింది. రెండోదీ దిగింది. మూడో చెంచా మింగాక హిమజ, "తాతా, నీ పేరు చెప్పు," అంది.

"ఎర్ర..." గొంతులో నీళ్లు గుడగుడలాడాయి. ఆ వెంటనే దగ్గు.

దగ్గు ఆగేదాకా హిమజ ఆయన వీపు నిమిరింది.

"నిన్న టీ తాగినప్పుడూ ఇలగే దగ్గేడమ్మా," అంది దానమ్మ. "పరీక్ష అయిపోనాది, కాగితంలో ఉన్నాదంటే తాగించేసేను. తప్పు చేసేనా?"

"తప్పు నీది కాదు పెద్దమ్మా. గొంతు కుదుటపడేదాకా ముక్కులో గొట్టం వేసి దానిలోంచే జావ పోద్దాం."

చార్టు తీసి చూసింది. నిన్నటి గడిలో టిక్కు ఉంది. పక్కన సిస్టర్ కరుణ సంతకం.

కరుణ మందుల బల్ల దగ్గర ఉంది. టిక్కు చూపించగానే తల దించుకుంది.

"చేయలేదు మేడమ్. పద్దెనిమిది మంది పేషెంట్లు, మేమిద్దరం. మీరొచ్చేసరికి గడి ఖాళీగా ఉంటే ఎర్ర సున్నా పడుతుంది కదా."

హిమజ చార్టు మూసేసింది.

"నాలుగో ఆయన్ని కూర్చోబెట్టాలి," అంది. "ఒక చెయ్యి వేస్తావా సిస్టర్?"

ఆ సోమవారం ఆమె పేర్లు చదవలేదు. రోజూ పొద్దున్న ఒక గది తన వంతు పెట్టుకుంది. మంచాల మరలు బాగు చేయించేదాకా సూపరింటెండెంటు గారి తలుపు దగ్గరే నిలబడింది. పరీక్ష చేయకపోతే గడి ఖాళీగా వదిలేయమంది. గడి ఖాళీగా ఉన్నంతసేపూ ఆ మనిషికి నోటితో ఏమీ ఇవ్వొద్దంది.

రెండు వారాలకు లెక్క చూస్తే ఆ గడి నూరు నుంచి అరవై రెండుకు పడిపోయింది. ఇంత తక్కువ అంకె ఆమె ఎప్పుడూ ఎవరికీ చూపించి ఎరగదు. బెరుకుగానే పాణిగ్రాహి గారి ముందు పెట్టింది.

ఈసారి ఆయన కళ్లజోడు పెట్టుకున్నారు. కాగితాలు ఒక్కొక్కటే తిప్పుతూ ఒక ఖాళీ గడి దగ్గర ఆగారు. పక్కన కరుణ చేతిరాత ఉంది.

"చేయలేదు. తీరిక దొరకలేదు. నోటికి ఏమీ ఇవ్వలేదు."

ఆయన ఆ మూడు ముక్కలూ రెండుసార్లు చదివారు.

"నిన్ను నమ్మి రాసిందమ్మా," అన్నారు. సొరుగు తెరిచి ఎర్ర పెన్ను తీసి ఆమె ముందు పెట్టారు.

హిమజ దాన్ని ముట్టుకోలేదు. కోటు జేబులో చెంచా ఉందో లేదో తడిమి చూసుకుని లేచింది.

"వస్తాను సార్. ఎర్రయ్య తాతకు గొంతు కుదుటపడింది, ఇవాళ్టి నుంచి జావ నోటితోనే. మొదటి చెంచా నేను పెడతానన్నాను."