లాకులమ్మ దిగిన చోటు

పద్నాలుగు లోకాలలోనూ వేగిలంక లాకులమ్మ సన్నిధికి సాటి వచ్చే క్షేత్రం లేదు. మిగిలిన పదమూడు లోకాలూ నేను చూడలేదు గానీ, ఈ లోకంలో మాత్రం మన గుడి దగ్గర బస్సు కూడా ఆగదు. వంతెన దగ్గర దిగి కాలువ గట్టు వెంట నడవాలి.

నడిచి వచ్చిన భక్తులకు కనిపించేది గోపురం కాదు, పాడుబడిన పడవల లాకు. పైన ఒక జత, కింద ఒక జత టేకు తలుపులు. నడుమ రాతిగోడల లోతైన గుంట. నీరు ఇప్పుడు పక్క తూము గుండా పోతుంది. అమ్మవారు ఆ గుంటలోనే కొలువై ఉన్నారు. భక్తులు మెట్లు దిగగానే వెనుక తలుపు మూస్తారు. కింది తలుపు తీసేదాకా ఎంతటివారైనా మౌనంగా నిలబడవలసిందే.

పూర్వం ఇక్కడ నీరు నిండుగా ఉండేది. పై కాలువ నుంచి వచ్చిన పడవ తలుపుల నడుమ ఆగేది. వెనుక తలుపు మూసి, నీటిని మెల్లగా దించి, కింది కాలువతో సమమయ్యాక ముందు తలుపు తీసేవారు. ఆ పని చేసే లస్కరు దొమ్మేటి సూరన్న. రోడ్లు పడ్డాయి, లారీలు వచ్చాయి, పడవలు పోయాయి. తలుపులు పీకి గుంట పూడ్చేయమని ఉత్తర్వు వచ్చింది.

కూలీలు రానున్న నాటి తెల్లవారుజామున సూరన్నకు కలలో ఒకామె తడిజుట్టు పిండుకుంటూ కనిపించింది. "నేనింకా పైనే ఉన్నాను సూరన్నా. నన్ను దించాక తలుపులు పీక్కోండి" అంది.

సూరన్న వెళ్లి తలుపు తిప్పే దూలం మీద కూర్చున్నాడు. ఉద్యోగం పోతుందని భార్య ఏడ్చినా లేవలేదు. పూడ్చడానికి వచ్చిన మేస్త్రీ గవర్రాజు, కల సంగతి విని, అమ్మవారికి లారీ దొరకలేదా బాబాయ్ అని ఆటపట్టించాడు.

"ఆవిడది నీళ్ల దారిరా" అన్నాడు సూరన్న.

నవ్వినవాడే, పొద్దు గూకేదాకా ఆగుతానని మాటిచ్చాడు.

పొద్దు వాలుతుండగా పై కాలువలో ఒక పడవ కనిపించింది. తాడు భుజాన వేసుకుని గట్టు మీద అబ్బులు లాగుతున్నాడు. నెలలు నిండిన అతని భార్య అచ్చియ్యమ్మ చుక్కాని పట్టింది. వాళ్లకు ఇల్లూ వాకిలీ ఆ పడవే. అచ్చియ్యమ్మ పుట్టిల్లు కింది రేవులో ఉంది. లాకు పూడిపోతే పడవను పైనే వదిలేసి రావాలి.

పడవ లోపలికి వచ్చింది. పై తలుపు మూసుకుంది. నీరు సగం దిగేసరికి ముసలి పడవ అడుగు పలక వీడింది. గవర్రాజు కంగారుపడి కింది తలుపు లాగెయ్యమని అరిచాడు.

"ఇప్పుడు తీస్తే నీళ్లు దూకుతాయి, పడవ ముక్కలవుతుంది. నిలబడండి" అన్నాడు సూరన్న.

అందరూ నిలబడ్డారు. అచ్చియ్యమ్మ సందులో బొంత కుక్కి దాని మీద కూర్చుంది. బరువు తగ్గించాలని అబ్బులు, పడవ ఒరగకుండా అడుగున వేసుకున్న రాతిని ఎత్తి నీళ్లలో పడేశాడు. మెల్లగా నీరు సమమైంది, కింది తలుపు తెరుచుకుంది, పడవ రేవు చేరింది. వారం తిరక్కుండా మగబిడ్డ పుట్టాడు.

మర్నాడు గవర్రాజు గుంటలో నీరు తోడించాడు. అడుగున ఆ రాయి వెల్లకిలా పడి ఉంది. దానికి కళ్లున్నాయి, బొట్టుంది, సన్నటి చిరునవ్వుంది. ఏళ్ల తరబడి పడవలో బోర్లా పడి ఉన్న తల్లి, దిగుతానన్న చోటే దిగింది. గవర్రాజు పార కింద పెట్టి తొలి కొబ్బరికాయ కొట్టాడు. ఇక తలుపుల జోలికి ఎవరూ రాలేదు.

నేటికీ సూరన్న మనవడు దానయ్యగారే ఆ తలుపులు మూసి తీస్తారు. ఎటూ తేలని పనులున్నవారు, నెలలు నిండినవారు ఇక్కడ నిలబడి వెళితే క్షేమంగా ఒడ్డు చేరతారని నమ్మకం. తొలి నైవేద్యం చేపల పులుసు. అమ్మవారి వీపు మీది గాడి రాక్షసుడి కత్తిదెబ్బ అని చెప్పుకుంటూ భక్తులు అందులో పసుపు నింపుతారు.

గుడి కమిటీవారు మన్నించాలి. ఆ అచ్చియ్యమ్మ మా నాయనమ్మ. ఆ గాడి ఏ రాక్షసుడూ పెట్టింది కాదు. పడవలో ఉన్నన్నాళ్లూ ఆవిడ చేపల కత్తి నూరుకున్నది ఆ రాతి మీదే. ఏటా జాతరకు ముందు, గుడిలో ఎవరూ లేనప్పుడు చూసి, నాయనమ్మ ఆ గాడికి వెన్న రాసి వస్తుంది.