సరిచేసిన ప్యాంటు

అన్యాయం జరిగింది ఏసోబుకి. జరిగింది పోయిన శ్రావణమాసం మొదటి ఆదివారం సాయంత్రం. చేసింది శత్రువేం కాదు, కుసుమ. జాలిగుండెలకు అందకుండా కత్తెర దాచాలని ఎవరికీ తోచదు కదా!

మా మండలంలో వికలాంగులకు కుట్టుపని నేర్పే కేంద్రం మస్తానమ్మది. ఆమె దగ్గర కుసుమ పాఠం చెప్పడం నేర్చుకుంటోంది. ఏసోబు అక్కడి విద్యార్థి. చిన్నప్పుడు లారీ తగిలి విరిగిన కుడికాలు అతుక్కుంది గాని ఎడమకాలంత ఎదగలేదు. బస్టాండు దగ్గర టైలరు సుబ్బరామయ్య అతనితో, "సోమవారం నువ్వు కుట్టుకున్న ప్యాంటు తొడుక్కుని రా. బాగుంటే పనిలో పెట్టుకుంటా" అన్నాడు. ఏసోబు తన కాళ్ళకు తగ్గట్టు ఒకవైపు పొట్టిగా, ఒకవైపు పొడుగ్గా కుట్టి, ఇస్త్రీ చేసి, కేంద్రంలోనే తగిలించి వెళ్ళాడు. ఆ కుర్రాడి నడక రోజూ చూసే కుసుమ, ప్యాంటును మాత్రం బల్ల మీద పరిచి చూసింది. పాపం, కొలత తప్పాడనుకుంది. పొడుగువైపు కత్తిరించి, రెండూ సమానం చేసి, మళ్ళీ తగిలించింది.

సోమవారం మార్చుకునే వేళ లేక ఎడమ పిక్క బయటపెట్టుకునే వచ్చిన ఏసోబును సుబ్బరామయ్య గుమ్మంలోనే ఆపేశాడు. "నీ ప్యాంటే నీకు కుదరలేదు, ఊళ్ళోవాళ్ళకేం కుడతావురా అబ్బాయ్?"

సంగతి తెలిసి కుసుమ ఏడ్చింది. "పర్లేదులే ఏసోబూ, అంతగా కనపడదు" అని ఓదార్చింది కూడా. ఆపైన గురువు దగ్గరికెళ్ళి అడిగింది: "అమ్మా, వంకర కనిపిస్తే సరిచేయడం తప్పా?"

మస్తానమ్మ టేపు తీసి కుసుమ కొలతలు తీసుకుంది. శుక్రవారం నాడు, పొడుగుచేతుల కుర్తా ఒకటి అందరి ముందూ బల్ల మీద పరిచింది.

కుసుమ కుర్తా చేతులు రెండూ ఒకదానికొకటి ఆనించి చూసి నవ్వింది. "ఎడమది పొడుగొచ్చిందమ్మా! మీకూ చూపు మందగిస్తోంది."

"అయితే సరిచెయ్యి." మస్తానమ్మ కత్తెర ముందుకు తోసింది.

చేసింది. నిజంగానే చేసింది! తొడుక్కుంటే కుడి అంచు మణికట్టు దగ్గర కుదురుగా కూర్చుంది. ఎడమది పైకి లేచిపోయింది. తన ఎడమచెయ్యి పొడుగని కుసుమకు తెలియడం అదే మొదలు. లాగింది, వదిలింది, మళ్ళీ లాగింది.

"పర్లేదులే అక్కా, అంతగా కనపడదు" అన్నాడు ఏసోబు.

గదంతా గొల్లుమంది. కుసుమకు నవ్వు రాలేదు. "అయితే ఇక దేన్నీ ముట్టుకోకూడదా? మొన్న గిరిజ గుండీలు వంకరగా కుడితే మీరే విప్పించారు! అది సరా, ఇది కాదా? నాకేం బోధపడటం లేదమ్మా."

మస్తానమ్మ కత్తెర తీసి సొరుగులో పెట్టింది.

"నీకు బోధపడేదాకా ఏసోబు ఆగాలా? సోమవారం సుబ్బరామయ్య కొట్టుకి వెళ్ళి, కత్తెర ఎవరిదో చెప్పు. ఆ కుర్తా తొడుక్కునే వెళ్ళు."